ఇంజిన్ ఆగితే సీమ నేల మీద దిగడం: చిన్న విమానాల పైలట్లకు మార్గదర్శి

నాలుగు సీట్ల, ఒకే ఇంజిన్ విమానం సెస్నా 172ఎస్‌లో నేలకు 3,000 అడుగుల పైన పోతుండగా ఇంజిన్ ఆగిందనుకోండి. 68 నాట్ల (గంటకు దాదాపు 126 కిలోమీటర్ల) వేగం పట్టుకుంటే విమానం నిమిషానికి ఇంచుమించు 750 అడుగులు దిగుతుంది. చేతిలో ఉండేది నాలుగు నిమిషాలు. గాలి లేని రోజు వెయ్యి అడుగులకు ఒకటిన్నర నాటికల్ మైలు లెక్కన ఎనిమిది కిలోమీటర్లు జారుకుంటూ పోవచ్చు. అయితే ఆ ఎనిమిదినీ నమ్ముకోకండి. మలుపులకు కొంత, ఎదురుగాలికి కొంత, తేరుకునేలోపు కొంత పోతుంది. నాలుగు కిలోమీటర్ల లోపల కనిపించే నేల మాత్రమే మీది.

కర్నూలు, అనంతపురం, కడప మీద ఎగిరేవాళ్ళకు ఒక వరం, ఒక మోసం రెండూ ఉన్నాయి. నల్లమల, ఎర్రమల, పాలకొండల్ని తప్పిస్తే ఎటు చూసినా బయలు నేలే. అది వరం. 3,000 అడుగుల నుంచి చాప పరిచినట్టు కనిపించే ఆ బయలే 300 అడుగులకు వచ్చేసరికి గెనిమలు (చేలగట్లు), రాతి కూసాలు, కరెంటు తీగలు, నీటి గుంటలుగా విడిపోతుంది. అది మోసం. అందుకే ఇక్కడ విమానం గురించి ఎంత చెప్పామో నేల గురించీ అంత చెప్పాం.

అంకెలన్నీ 172ఎస్‌వి, పూర్తి బరువుకు. సెస్నా 152 అయితే గ్లైడ్ వేగం, అంటే ఇంజిన్ లేకుండా జారే వేగం, 60 నాట్లు. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఏముంటే మీకు అదే ప్రమాణం.

ఎగరకముందే

లోపల ఏదో విరిగితేనే కాదు, ఇంధనం అందకో, అందులో నీళ్ళు చేరో కూడా ఇంజిన్ ఆగుతుంది. కాబట్టి మొదటి పని కిందే ఉంది. 172ఎస్‌లో ట్యాంకులు రెండూ నిండితే 56 గ్యాలన్లు, అంటే దాదాపు 212 లీటర్లు. వాడుకోదగ్గది 53 గ్యాలన్లే, 200 లీటర్లు. గంటకు 32 నుంచి 38 లీటర్లు తాగుతుంది. గేజ్ చెప్పింది వినండి, కానీ రెక్క ఎక్కి డిప్‌స్టిక్‌తో కొలిచిందే నమ్మండి. మూత బిగించి చేత్తో ఒకసారి తిప్పి చూడండి. వదులైన మూత నుంచి వాన నీళ్ళు లోపలికి పోతాయి, ఎగిరాక పెట్రోలు బయటికి లాగుతుంది.

డ్రెయిన్లు (అడుగున చేరిన నీళ్ళు తీసి చూసే కవాటాలు) ఒక్కో రెక్కకు ఐదు, ముక్కు కింద మూడు, మొత్తం 13. పదమూడూ తీయాలి. ఈ విమానం పెట్రోలు, అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, నీలంగా ఉంటుంది. నీళ్ళుంటే సీసా అడుగున రంగులేని బుడగలా కూర్చుంటాయి. సీసా మొత్తం నీళ్ళే వస్తే మాత్రం గీత కనిపించదు, అన్నీ ఒకే రంగు కదా. అందుకే సీసాను తెల్లని దేని ముందైనా పట్టి నీలం ఉందో లేదో చూడాలి. జెట్ ఇంధనం కలిసిందన్న అనుమానముంటే తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి. అవ్‌గ్యాస్ ఆరిపోతుంది, కిరోసిన్ జాతి ఇంధనం జిడ్డు మరక వదులుతుంది. డ్రమ్ముల్లోంచి పోసేచోట, రాత్రి చల్లబడి పగలు మండే ఈ ప్రాంతంలో, సగం ఖాళీ డ్రమ్ములో గాలిలోని తేమ నీళ్ళుగా దిగుతుంది. ముందు సంచిలో వడకట్టి, పోసిన తర్వాత కాసేపు ఆగి డ్రెయిన్ తీయండి.

రెండో పని, ఎండ లెక్క. పుట్టపర్తి రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,550 అడుగుల ఎత్తు. ఏప్రిల్‌లో 40 డిగ్రీలుంటే ఆ ఎత్తుకు ప్రామాణికమైన 12 కన్నా 28 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి లెక్కకట్టే ఎత్తు, 4,900 అడుగులు దాటుతుంది. ఎక్కడం నీరసిస్తుందన్నది అందరికీ తెలుసు. బలవంతపు ల్యాండింగ్‌లో దీని సంగతి చాలామంది మరిచిపోతారు: స్పీడోమీటర్ 65 చూపిస్తున్నా అసలు వేగం 70 నాట్లు. నేలను తాకేటప్పటి శక్తి 16 శాతం ఎక్కువ.

మూడోది, రన్‌వే మొదట్లో నిలబడి గట్టిగా చెప్పుకునే నాలుగు మాటలు: రన్‌వే మిగిలుండగా ఆగితే ఏం చేస్తాను, రన్‌వే దాటాక ఆగితే ఎటు దిగుతాను, ఎంత ఎత్తు దాటేదాకా వెనక్కి తిరగను, ఈరోజు గాలి ఎటునుంచి. పక్కన ఎవరూ లేకపోయినా పైకే అనండి.

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే

ముక్కు దించండి. మిగతావన్నీ తర్వాత. ఎక్కుతున్న విమానం ముక్కు పైకి ఉంటుంది, ఇంజిన్ ఆగిన మూడు నాలుగు సెకన్లలో వేగం స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్థితి) దిక్కుకు పరిగెడుతుంది. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు) దించకుంటే 70, దించితే 65 నాట్లు పట్టండి.

తర్వాత ముందుకే. ఎదురుగా, అటూ ఇటూ ముప్పై డిగ్రీల లోపల, ఉన్నవాటిలో మెరుగైనచోటు. ఓర్వకల్లులో రన్‌వే 2,000 మీటర్లు. చల్లని ఉదయం మొదటి అంచు నుంచి లేస్తే 200 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగినా, ఫ్లాప్స్ దించి ముందున్న రన్‌వే మీదే దిగిపోవచ్చు. మధ్య ట్యాక్సీవే నుంచి టేకాఫ్ చేసి రెండు నిమిషాలు మిగుల్చుకున్నవాడికి ఆ రన్‌వే ఉండదు. నిడివి మొత్తం వాడుకోండి.

వెనక్కి తిరిగితే అయ్యే ఖర్చు చూడండి. 70 నాట్లలో రెక్కను 30 డిగ్రీలు వాల్చి తిప్పితే సెకనుకు తొమ్మిది డిగ్రీలు తిరుగుతారు, మలుపు వ్యాసార్థం 230 మీటర్లు. 180 తిరిగితే చాలదు. రన్‌వేకు పక్కన పడతారు గనుక ఇంకా తిరిగి, మళ్ళీ ఎదురు తిప్పుకోవాలి. అన్నీ కలిపి 250 డిగ్రీలు, 28 సెకన్లు. తేరుకోవడానికి నాలుగు సెకన్లు. మలుపులో నిమిషానికి 900 అడుగులు దిగుతారు గనుక 480 అడుగులు ఖర్చు, రన్‌వే దాకా జారాల్సిన దూరం ఇంకా వేరే. వాలు 45 డిగ్రీలకు పెంచితే తొందరగా తిరుగుతుంది, కానీ స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. నేల దగ్గర రడ్డర్‌తో (తోక చుక్కానితో) లాగి తిప్పబోయి స్పిన్‌లో, అంటే గిరికీలు కొడుతూ కిందికి, పడేది సరిగ్గా ఇక్కడే. ఒకవేళ తిరిగి వచ్చినా గాలి వెనకనుంచి. 15 నాట్ల గాలిలో ఎదురుగా దిగితే నేల వేగం 50, వెనకగాలితో 80. శక్తి రెండున్నర రెట్లు.

వెయ్యి అడుగుల లోపు తిరగను అని పెట్టుకోండి. అంతకన్నా తక్కువలో తిరగగలనన్నవాళ్ళు అదే విమానంలో, అదే బరువుతో, 4,000 అడుగుల పైన ఎంత ఎత్తు పోతోందో కొలిచి అప్పుడు మాట్లాడాలి.

ఎత్తులో ఉండగా ఆగితే

మొదట 68 నాట్లకు ట్రిమ్ చేయండి, అంటే చేయి వదిలినా ఆ వేగం నిలిచేలా చక్రం తిప్పి పెట్టండి. ట్రిమ్ చక్రం తిప్పకుండా చేత్తో పట్టుకుంటే, రేడియోలో మాట్లాడేటప్పుడు ముక్కు అటూ ఇటూ అవుతుంది, వేగం నిలవదు.

రెండు, గాలి వైపు చూసి చేను ఎంచుకోండి. మూడు, ఆ చేనివైపు తిరుగుతూనే కారణం వెతకండి. ఈ వరుస తారుమారు చేసి ముందు ఇంజిన్‌తో కుస్తీ పడితే, తల ఎత్తేసరికి మంచి చేను వెనకబడిపోయి ఉంటుంది.

కారణం వెతకడం చేతికి అలవాటైన దారిలో సాగాలి. ఫ్యూయల్ షటాఫ్ వాల్వ్ పూర్తిగా లోపలికి. సెలెక్టర్ రెండు ట్యాంకుల మీద. సహాయక పంపు ఆన్. మిక్స్చర్ (గాలిలో ఇంధనం పాలు) రిచ్. ఇగ్నిషన్ రెండు మాగ్నెటోల (నిప్పురవ్వ ఇచ్చే యంత్రాల) మీద. ప్రొపెల్లర్ ఆగిపోయి ఉంటేనే స్టార్టర్. గాలికి తిరుగుతుంటే అక్కర్లేదు. ఇంజిన్ అందుకున్నాక సహాయక పంపు ఆపి చూడండి. ఫ్యూయల్ ఫ్లో సున్నాకు పడిపోతే ఇంజిన్ పంపు పోయినట్టు, మళ్ళీ ఆన్ చేసి అలాగే దగ్గరి రన్‌వేకు పోవాలి.

కార్బురెటర్ ఉన్న 152, పాత 172లకు ఇంకో సంగతి. మంచు కట్టడమంటే హిమాలయాల మాట అనుకుంటారు ఇక్కడివాళ్ళు. కార్బురెటర్ ఇరుకు గొట్టం వెంచురీలో ఉష్ణోగ్రత 20, 30 డిగ్రీలు పడిపోతుంది. అక్టోబరు, నవంబరులో వాన పడి తెరపి ఇచ్చిన ఉదయం, 25 డిగ్రీల తేమ గాలిలో, థ్రాటిల్ తగ్గించి దిగుతుంటే చాలు. మొదట ఆర్‌పీఎం నెమ్మదిగా జారుతుంది, తర్వాత ఇంజిన్ దగ్గుతుంది. కార్బ్ హీట్ (కార్బురెటర్‌కు వేడిగాలి పంపే పిడి) పూర్తిగా లాగండి, సగం వద్దు. కరిగిన నీళ్ళు మింగుతూ ఇంజిన్ ఇంకా మొరటుగా కొట్టుకుంటుంది. భయపడి మూసేస్తే ఉన్నదీ పోతుంది. అరనిమిషమో ఇంకొంచెమో ఓపిక పట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారిపోతే వేడీ ఉండదు గనుక అనుమానం రాగానే లాగడమే మేలు.

పూర్తిగా ఆగిన ఇంజిన్ కన్నా సగం పనిచేసే ఇంజిన్ ప్రమాదకరం. ఆగినప్పుడు నిర్ణయం తేలిక. 1,700 ఆర్‌పీఎంతో ఈడుస్తుంటే ‘కడప దాకా పోవచ్చేమో’ అనిపిస్తుంది, ఆ పోయే దారి చివరికి పాలకొండల మీద పడుతుంది. ఆ శక్తిని దూరం పోవడానికి కాక, మంచి చేలమీద ఎత్తు నిలుపుకోవడానికి వాడండి. ఏ క్షణంలోనైనా సున్నా అవుతుందన్న లెక్కతోనే వృత్తం వేయండి. వణుకు ఉంటే మాగ్నెటోలను ఒక్కొక్కటిగా మార్చి ఏదాని మీద మెత్తగా నడుస్తుందో దాని మీదే ఉంచండి. ఆయిల్ ప్రెషర్ పడిపోతూ టెంపరేచర్ ఎక్కుతుంటే మాత్రం గేజ్ తప్పేమో అని తర్కించకండి. ఇంజిన్ ఉండగానే, మీకు నచ్చిన చేనులో దిగండి.

పిలుపు: అప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నారో దాని మీదే ముందు. జవాబు లేకుంటే ఆపద ఫ్రీక్వెన్సీ 121.5. మేడే మూడుసార్లు, పేరు, ఏం జరిగింది, ఎక్కడ, ఎంతమంది. ‘తాడిపత్రికి పడమర పది మైళ్ళు, పెన్నకు ఉత్తరాన’ అన్నట్టు చెబితే వెతికేవాళ్ళకు దారి దొరుకుతుంది. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు జవాబిచ్చే పెట్టెలో) ఆపద కోడ్ 7700. ఈఎల్‌టీ (ఆపద సంకేతం పంపే పెట్టె) స్విచ్ కూడా చేత్తో ఆన్ చేయండి. 406 మెగాహెర్ట్జ్ సంకేతం ఉపగ్రహాల ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది.

నేలను చదవడం

గాలి ముందు. జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో గాలి నైరుతి, పడమరల నుంచి గట్టిగా వీస్తుంది. ఉరవకొండ, రామగిరి వైపు గాలిమరలే సాక్షి: రెక్కల ముఖం ఎటుంటే గాలి అటునుంచి. ఇంత పెద్ద విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) దేశంలో చాలామందికి దొరకదు. అయితే అది నేలకు 80, 100 మీటర్ల పైన గాలి, నేలమీద కొంచెం తక్కువ. మరలు లేనిచోట ఇటుకబట్టీ పొగ, మట్టిదారిన పోయే ట్రాక్టరు దుమ్ము, చెరువులో అద్దంలా నిశ్చలంగా ఉన్న ఒడ్డు. గాలి వచ్చే వైపు ఒడ్డే నిశ్చలంగా ఉంటుంది.

తీగలు పైనుంచి కనిపించవు, వాటిని వెతకడం దండగ. స్తంభాల్ని, వాటి నీడల్ని చూడండి. అంతకన్నా పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఎండాకాలం అనంతపురం మీద ఎర్రటి బయలులో అక్కడక్కడ పచ్చటి మడి కనిపిస్తుంది. చీనీతోటో, అరటో, టమాటానో. వాన లేని నేలలో పచ్చదనమంటే బోరు. బోరు అంటే మోటారు, మోటారుకు ట్రాన్స్‌ఫార్మరు, దానికి రోడ్డు నుంచి వచ్చే లైను. కాబట్టి ఇతర దేశాల పుస్తకాలు ‘పచ్చిక బయలు వెతకండి’ అంటే ఇక్కడ తిరగేసి చదువుకోండి: పచ్చదనానికి, రోడ్డుకు మధ్య గీత గీసి ఆ గీతకు దూరంగా పొండి. ఎండిన, పంటలేని, పచ్చమడులకు ఎడంగా ఉన్న మెట్టచేనే మీకు కావాల్సింది.

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ జూన్, జూలైలో వేసి అక్టోబరు, నవంబరులో పీకుతారు. కర్నూలోళ్ళు బుడ్డలంటారు. మోకాలెత్తు కూడా ఉండదు, చేను నిలిచి ఉన్నా దిగొచ్చు. పీకాక కొన్ని వారాలు కట్టెవాములుంటాయి, వాటిని తప్పించాలి. డిసెంబరు నుంచి మే దాకా అదే నేల బోడిగా, గట్టిగా ఉంటుంది. ఏడాదిలో ఇంతకన్నా మంచి ల్యాండింగ్ నేల దొరకదు. అక్కడి ముప్పు గెనిమలు, ఏరి పోసిన రాళ్ళ కుప్పలు, ఉపాధిహామీ కింద తవ్విన నీటి గుంటలు. సాళ్ళ దిక్కుకే దిగండి, అడ్డంగా దిగితే ముక్కుచక్రం ఇరుక్కుంటుంది. వాలు ఉంటే ఎగువకు దిగండి, కాస్త వెనకగాలి ఉన్నా సరే.

నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడి మాట వేరు. వానాకాలంలో అది బంక. చక్రాలు దిగబడి విమానం తిరగబడుతుంది. జనవరి, ఫిబ్రవరిలో శనగ కోసిన చేలు చాలా బాగుంటాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలు దూరేంత నెర్రెలు. రేగడిలో పత్తి, కంది నిలువు చేలు వద్దు. మనిషెత్తు కంది రెక్కను పట్టి గిర్రున తిప్పుతుంది. కేసీ కాలువ కింది వరిమళ్ళు చూడ్డానికి తివాచీలే, ప్రతి ముప్పై, నలభై అడుగులకో గట్టు.

కడప, బేతంచెర్ల దిక్కున చేలకు బండలు నిలబెట్టి కంచె వేస్తారు. సన్నని రాతి కూసాలు పైనుంచి చుక్కల వరుసలా కనిపిస్తాయి. ఆ చుక్కలు కనిపిస్తే దాటేయండి.

రోడ్డు అందరికీ ముందు తోచేది. 172 రెక్కల పొడవు 11 మీటర్లు. రెండు వరుసల రోడ్డు తారు 7 మీటర్లు. పక్కన చింతచెట్లో, వేపచెట్లో, కరెంటు స్తంభాలో. 44వ నంబరు జాతీయ రహదారికి మధ్య డివైడరు, లైటు కంబాలు, పైన బోర్డులు, అన్నిటికీ మించి లారీలు. పక్కన చేను ఉండగా రోడ్డు ఎందుకు? మనుషులను గుద్దే హక్కు మీకు లేదు.

పెన్న ఇసుక ఎండాకాలం తెల్లగా, వెడల్పుగా ఊరిస్తుంది. పొడి ఇసుక చక్రాన్ని పట్టేస్తుంది, ఇసుక తవ్విన గుంతలు పైనుంచి తెలియవు. చేలు దొరక్కపోతేనే. ఎండిన చెరువు గర్భం దానికన్నా మేలు, సర్కారు తుమ్మ మొలవని భాగం చూసుకుంటే. ఓర్వకల్లు, గని ప్రాంతంలో నీలంగా మెరిసే పెద్ద చెరువులు చెరువులు కావు, వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పలకలు.

నల్లమల మీద ఇంజిన్ ఆగితే కొండవాలు కన్నా లోయ చివర బయలు, అదీ అందకపోతే దట్టంగా, ఒకే ఎత్తులో ఉన్న చెట్ల కొమ్మలు. అందుకే ఆ దారిలో పోయేటప్పుడు ఎత్తు ఎక్కువ తీసుకుని అంచునే పోవాలి.

దిగే దారి

ఎంచుకున్న చేనికి నేరుగా పోకండి. నేలకు 1,500 అడుగుల పైన చేను నెత్తికి రండి. అక్కడి నుంచి మామూలు సర్క్యూట్‌లా తిరిగి, 1,000 అడుగుల్లో దిగే బిందువు పక్కకు, 500 నుంచి 600లో బేస్‌కు, అంటే చేనికి అడ్డంగా పోయే చివరి మలుపు ముందు గీతకు. ఎత్తు ఎక్కువైతే బేస్‌ను దూరం జరపండి, తక్కువైతే చేనివైపు కోసేయండి. గురి చేను మొదట్లో కాదు, మూడో వంతు లోపల. మధ్యాహ్నం ఎండకు ఎర్రమట్టి పైకి తోసినట్టే తోసి, పక్కనే కిందికి లాగుతుంది. ఆ మూడో వంతు దానికోసమే. కచ్చితంగా అందుతామని తేలాక ఫ్లాప్స్ 30. ఒకసారి దించినవాటిని ఎత్తకండి. ఇంకా ఎత్తుంటే సైడ్‌స్లిప్ (ఒక రెక్క వాల్చి, ముక్కు పక్కకు తిప్పి ఎత్తు పోగొట్టడం), అయితే ఫ్లాప్స్ దించి స్లిప్ చేయడం మీద మీ విమానంలో హెచ్చరిక ఉందేమో ముందే చూసి ఉంచుకోండి.

వెయ్యి అడుగుల కిందికొచ్చాక చేను మార్చకండి. చివర్లో గెనిమ కనిపించిందని పక్క చేనికి తిరగబోయి స్టాల్ అయ్యేకన్నా, ఆ గెనిమను 30 నాట్లతో తగలడం నయం.

దిగే ముందు మిక్స్చర్ కటాఫ్, షటాఫ్ వాల్వ్ బయటికి, ఇగ్నిషన్ ఆఫ్. మాస్టర్ స్విచ్ చివర. ఫ్లాప్స్ కరెంటుతో నడుస్తాయి, ముందే ఆపేస్తే అవి దిగవు. బెల్టులు బిగించి, తలుపుల గొళ్ళెం తీయండి. చట్రం వంగితే తలుపు బిగుసుకుపోతుంది.

తాకేటప్పుడు తోక కిందికి, వీలైనంత మెల్లగా, కానీ రెక్కలు సమంగా, అదుపులో. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 9 జీతో (శరీర బరువుకు తొమ్మిది రెట్ల తాకిడితో) సమంగా ఆగడానికి మూడు మీటర్లు చాలు. 160 నుంచి అయితే పదకొండు పైచిలుకు. తగ్గించిన ప్రతి నాటూ మీ వెన్నెముకకు మిగిలినట్టే. ముక్కుచక్రాన్ని ఎంతసేపు పైన పట్టగలిగితే అంతసేపు పట్టి, తర్వాత బ్రేకులు గట్టిగా. చెట్టో, బండో తప్పనప్పుడు రెక్కను దానికి అర్పించండి, క్యాబిన్‌ను కాదు.

దిగాక

ప్రొపెల్లర్ ఆగాకే దిగి, గాలికి ఎదురుదిక్కున యాభై మీటర్లు పోండి. పది నిమిషాల్లో ఊరు ఊరంతా వస్తుంది. బీడీ, సిగరెట్టు ఆర్పించడం మొదటి పని. ఎవరో ఒక పెద్దాయన్ను ‘అన్నా, ఎవరినీ దగ్గరికి రానీవద్దు’ అని ఒప్పజెప్పండి. మీరు అరిచేకన్నా ఆయన మాటే చెల్లుతుంది. 112కు, దెబ్బలుంటే 108కు ఫోన్. మేలో నీడలేని చేనులో గంట గడవడం కష్టం, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఎప్పుడూ విమానంలో ఉండాలి. మనుషుల్ని కాపాడటానికి తప్ప విమానాన్ని కదిలించకండి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీకి వెంటనే తెలపాలి. పంట పోయిన రైతు పేరు, సర్వే నంబరు రాసుకోండి, నష్టపరిహారం లెక్క తేల్చాల్సింది మీరే.

సాధన

బోధకుడు పక్కన ఉండగా, ఊళ్ళకు దూరంగా, 500 అడుగుల కిందికి పోకుండా. థ్రాటిల్ లాగి దిగుతూ ప్రతి 500 అడుగులకోసారి కొంచెం శక్తి ఇచ్చి ఇంజిన్ వేడిగా ఉంచండి. కార్బురెటర్ ఉంటే హీట్ ఆన్. ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది. నిజంగా ఆగినప్పుడు సాధనలో చూసినదానికన్నా ముందే నేల వస్తుంది గనుక, సాధనలో ఎప్పుడూ కొంచెం ఎత్తు మిగిలేలా చేనిని అందుకోండి. కాలం మారినప్పుడల్లా, అంటే జూలైలో ఒకసారి, నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి, అదే దారిలో ఎగిరి చేలు చూసి రండి. ఫిబ్రవరిలో మెచ్చుకున్న శనగచేను జూలైకి బురదగుంట.